మధ్యధరాలో పడవను ఎక్కడ వదిలి రావాలి

ఏడాదికి రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా ఆరేసి వారాలు. మధ్యధరా సముద్రంలో సొంత యాట్ పెట్టుకుని దూరదేశంలో ఉద్యోగం చేసుకునేవాళ్లకి మహా అయితే కుదిరేది అంతే. అంటే 52 వారాల్లో పడవ మీ చేతిలో ఉండేది 12 వారాలు. మిగతా 40 వారాలు ఎండకీ వానకీ గాలికీ అది ఒంటరిగా నిలబడాలి. చోటు వెతికేటప్పుడు మాత్రం అందరి కళ్లూ ఆ 12 వారాల మీదే ఉంటాయి: నీళ్లు నీలంగా ఉన్నాయా, గట్టు మీద మంచి హోటళ్లు ఉన్నాయా, సాయంత్రం పక్క దీవికి వెళ్లి రావచ్చా అని. ఎంచుకోవాల్సింది 40 వారాల కోసం. తిరగడానికి బాగుండే చోటు, వదిలి రావడానికి బాగుండే చోటు చాలాసార్లు ఒకటి కాదు. రెండింటి మధ్య ఒక రోజు ప్రయాణం ఉన్నా నష్టం లేదు.

ఇక్కడి లెక్కలు 12 మీటర్ల పొడవున్న, ఒకే హల్ (నీళ్లలో తేలే పడవ ఒళ్లు) ఉన్న తెరచాప పడవకి వేసినవి. రెండు హల్‌లుండే కాటమరాన్ అయితే ముందుగా కనుక్కోవాల్సింది యార్డులో, అంటే పడవల్ని నీళ్లలోంచి ఎత్తి నేల మీద ఉంచే చోట, లిఫ్టు వెడల్పు. ఏడు మీటర్ల వెడల్పున్న పడవని ఎత్తగల యార్డులు కొన్నే. పైగా అద్దె ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దాకా అడుగుతారు.

ముందు క్యాలెండర్, తర్వాత మ్యాప్

ఇక్కడ రెండు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి మీది, రెండోది పడవది. ఒకదాన్ని వెనక్కి తిప్పితే రెండోది తిరగదు.

మీ గడియారం షెంగెన్‌ది, అంటే లోపలి సరిహద్దుల్లో తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిది. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 మించి ఉండకూడదు. భారతీయ పాస్‌పోర్టు మీద మల్టిపుల్ ఎంట్రీ టూరిస్టు వీసా ఉన్నా ఇదే నియమం. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి వీసా అక్కర్లేదు గానీ ఈ గీత వాళ్లకీ ఉంది. ఆ 180 రోజులు జనవరి-జూన్, జూలై-డిసెంబరు అని కోసిపెట్టిన ముక్కలు కావు. ఏ రోజున చూసినా, ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

మే 1న దిగి జూన్ 15న వెళ్లిపోయారనుకోండి. దిగిన రోజూ వెళ్లిన రోజూ లెక్కలోకి వస్తాయి కాబట్టి 46. మళ్లీ సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 10 దాకా ఉంటే 40. అక్టోబరు 10 నుంచి 180 రోజులు వెనక్కి వెళ్తే ఏప్రిల్ 14 దగ్గర ఆగుతుంది, అంటే మొదటి ట్రిప్పు మొత్తం ఇందులోనే ఉంది. కలిపితే 86. చేతిలో మిగిలింది నాలుగు రోజులు. పడవని నీళ్లలోంచి ఎత్తాల్సిన రోజున గాలి గట్టిగా ఉంటే యార్డు వాళ్లు లిఫ్టు కదపరు. అలా మూడు రోజులు వీస్తే, ఆ పైన వరసలో మీ ముందు పది పడవలు ఉంటే, ఆ నాలుగు రోజులూ హారతి కర్పూరమే. కాబట్టి ప్లాన్ 75 రోజులకి వేసుకుని 15 చేతిలో ఉంచుకోండి. 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా మొదలైన ఈఈఎస్ పద్ధతిలో వేలిముద్రలు, ఫొటోతో రాకపోకలన్నీ కంప్యూటర్‌లో ఎక్కుతున్నాయి. మసకగా పడిన ముద్రని చూపించి గట్టెక్కే రోజులు పోయాయి.

స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా, స్లొవేనియా, గ్రీస్ అన్నీ షెంగెన్‌లోవే. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. అంతకుముందు రాసిన సలహాల్లో 'రోజులు మిగుల్చుకోవడానికి క్రొయేషియా వెళ్లండి' అని ఇంకా కనిపిస్తుంటుంది, నమ్మకండి. బయట ఉన్నవి టర్కీ, మాంటెనెగ్రో, అల్బేనియా, ట్యునీషియా. టర్కీ విషయంలో భారతీయ పాస్‌పోర్టు వాళ్లకి ఒక మెలిక ఉంది. చెల్లుబాటయ్యే అమెరికా, బ్రిటన్ లేదా షెంగెన్ వీసా ఉంటే ఈ-వీసా ఇస్తారు గానీ అది 30 రోజులకి, ఒక్కసారి ప్రవేశానికే. టర్కీలోని బోద్రమ్ నుంచి ఎదురుగా ఉన్న గ్రీకు దీవి కోస్‌కి వెళ్లి తిరిగొస్తే ఆ ప్రవేశం అయిపోయినట్టే. అక్కడ పడవ పెట్టాలంటే కాన్సులేట్ నుంచి మల్టిపుల్ ఎంట్రీ వీసా తెచ్చుకోవాలి. ఈ నియమాలు చెప్పాపెట్టకుండా మారుతుంటాయి, టికెట్ కొనే ముందు అధికారిక సైటులో మరోసారి చూసుకోండి.

పడవ గడియారం వ్యాట్‌ది. పడవకి ఐరోపా సమాఖ్య (ఈయూ) బయటి దేశపు జెండా ఉండి, యజమాని కూడా ఈయూ బయట నివసిస్తుంటే, వ్యాట్ కట్టకుండా 18 నెలలు ఈయూలో ఉంచవచ్చు. దీన్ని టెంపరరీ అడ్మిషన్ అంటారు. గడువులోపు పడవ ఒకసారి ఈయూ నీళ్లు దాటి వెళ్లొస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కస్టమ్స్‌కి ముందే అర్జీ పెట్టి సీల్ వేయించుకుంటే తప్ప, నేల మీద కట్టేసి ఉన్న నెలలు కూడా ఆ 18లోనే కరిగిపోతాయి. గడువు దాటితే పడవ మొత్తం విలువ మీద పన్ను: క్రొయేషియాలో 25 శాతం, గ్రీస్‌లో 24, ఇటలీలో 22, స్పెయిన్‌లో 21. లక్ష యూరోల పడవకి గ్రీస్‌లో 24 వేలన్నమాట. అందుకే సరిహద్దు దగ్గరున్న చోటుకి విలువ ఎక్కువ. గ్రీకు దీవి కోర్ఫు ఎదురుగానే అల్బేనియా రేవు సరాండా, కోస్ ఎదురుగా బోద్రమ్. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఆ గట్టున ఉంటారు. ఊరికే వెళ్లొస్తే చాలదు. అక్కడి రేవు ముద్ర పడిన కాగితం, మెరీనా (యాట్‌లు కట్టే రేవు) బిల్లు, డీజిల్ రసీదు, మూడూ దాచుకోండి.

మ్యూనిక్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో స్థిరపడినవాళ్లకి ఈ 18 నెలల వెసులుబాటు లేదు, పడవ వ్యాట్ కట్టినదై ఉండాల్సిందే, అసలు ఇన్‌వాయిస్ పడవలోనే ఉండాలి. బ్రిటన్‌లో పాత పడవ కొనేవాళ్లు అమ్మేవాడిని ఒకటే ప్రశ్న అడగండి: బ్రెగ్జిట్ గడువు ముగిసిన 2020 డిసెంబరు 31 రాత్రి ఈ పడవ ఎక్కడుంది? ఈయూలో ఉన్నట్టు రుజువుంటే ఈయూ వ్యాట్ హోదా నిలిచింది. బ్రిటన్‌లో ఉంటే పోయింది. టర్కీలో విదేశీ జెండా పడవని 5 ఏళ్ల దాకా ఉంచనిస్తారు, ఈ విషయంలో అది చాలా ఉదారమైన తీరం.

నీళ్లలోనా, నేల మీదా

చలికాలం నీళ్లలో ఉంచడం చవకగా కనిపిస్తుంది, లిఫ్టు ఖర్చు ఉండదు. కానీ నీళ్లలో ఉన్న పడవకి వారానికోసారైనా ఎవరో ఒకరు తాళ్లు చూడాలి. మధ్యధరాలో పడవని వెనుకభాగం గట్టు వైపు పెట్టి కడతారు. ముందు వైపు లంగరు బదులు, నీటి అడుగున ఉన్న బరువైన గొలుసుకి కట్టిన లేజీ లైన్లు లాగి బిగిస్తారు. అలలు రేవులోకి చొరబడినప్పుడు పడవ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వెనుక మీటరు జాగా వదిలితే సరిపోతుందనుకుంటారు. అప్పుడు చుక్కాని పోయి గట్టుకి కొట్టుకుంటుంది. రెండు మీటర్లు వదలండి, ముందు లేజీ లైన్లు రెండు వేయండి, వెనుక తాళ్లకి రబ్బరు స్ప్రింగులు, రాపిడి తగిలే ప్రతిచోటా మందపాటి పైపు తొడుగు. నీటి అడుగున ఉన్న గొలుసుని డైవర్ చివరిసారి ఎప్పుడు చూశాడో మెరీనా ఆఫీసులో అడగండి. తేదీ చెప్పలేకపోతే అక్కడ కట్టకండి.

కరెంటు ప్లగ్గు పెట్టి వదిలేయడం ఇంకో నష్టం. ఎర్త్ తీగ ద్వారా పక్క పడవలతో మీ పడవ కలిసిపోతుంది. సముద్రపు నీళ్లు, వేర్వేరు లోహాలు కలిస్తే అది బ్యాటరీయే. మీ పడవకి రక్షణగా బిగించిన జింకు ముక్క అరిగిపోతుంది, అది అయ్యాక ప్రొపెల్లర్, సెయిల్‌డ్రైవ్ (ఇంజిన్‌ని ప్రొపెల్లర్‌కి కలిపే కాలు) అరగడం మొదలవుతుంది. ఆ కరెంటుని అడ్డుకునే గాల్వానిక్ ఐసొలేటర్ లేకపోతే ప్లగ్గు తీసేసి, బ్యాటరీల బాధ్యత సోలార్ ప్యానెల్‌కి అప్పగించండి.

ఎక్కువమంది పొరబడేది చలికాలం గురించి కాదు, రెండు ట్రిప్పుల మధ్య వచ్చే వేసవి గురించి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 1 దాకా 11 వారాలు. నీళ్లు వెచ్చగా, కదలకుండా ఉన్న రేవులో ఆ 11 వారాలకి ప్రొపెల్లర్ మీద సున్నపు గొట్టాల పురుగులు, నత్తగుల్లలు పేరుకుపోతాయి. ఇంజిన్‌కి నీళ్లు లాగే రంధ్రం సగం మూసుకుపోతుంది, మొదటి గంటలోనే ఇంజిన్ వేడెక్కుతుంది. మెరీనా అద్దె ఏడాదిలో అత్యధికంగా ఉండేదీ ఆ వారాల్లోనే. గ్రీస్, టర్కీల మధ్య ఉన్న ఈజియన్ సముద్రంలో అయితే జూలై-ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. వేసవిలో ఆరు వారాలు మించి వదిలేటట్టయితే నేల మీదికి ఎత్తించడమే మంచిది. అప్పుడు ఏడాదికి రెండు ఎత్తడాలు, రెండు దించడాలు. కాబట్టి యార్డుని అడగాల్సింది నెల అద్దె కాదు, 'నాలుగు లిఫ్టులతో కలిపి ఏడాది ప్యాకేజీ ఎంత' అని. చాలా యార్డులు ఇస్తాయి, అడిగితేనే.

ఏ తీరం ఎవరికి

గ్రీస్ పడమటి తీరంలో ప్రెవెజా ఎదురుగా ఆక్టియో దగ్గర మూడు పెద్ద యార్డులు పక్కపక్కనే ఉన్నాయి. లోపలి జలసంధి కాబట్టి బయటి అలలు రావు, విమానాశ్రయం పక్కనే. చిక్కు ఒకటే: అక్కడికి విదేశీ విమానాలు వచ్చేది దాదాపుగా వేసవిలోనే. ఫిబ్రవరిలో పడవకి ఏదైనా అయిందని ఫోన్ వస్తే ఏథెన్స్‌లో దిగి నాలుగైదు గంటలు కారులో వెళ్లాలి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా ఏథెన్స్ చేరడం తేలిక కాబట్టి మనకి ఇది మరీ కష్టమేమీ కాదు. అయోనియన్ దీవుల్లో ఊరి గట్టుకి కట్టేసి వెళ్లిపోవడం మాత్రం వద్దు. 2020 సెప్టెంబరులో ఇయానోస్ అనే మధ్యధరా తుపాను ఇథాకా, కెఫలోనియా మీదుగా పోయినప్పుడు అలా వదిలిన పడవలు ఒడ్డుకెక్కాయి.

టర్కీలో మార్మరిస్, దిదిమ్, ఫినికే చుట్టూ పనివాళ్లు దొరుకుతారు. స్టెయిన్‌లెస్ స్టీలు, చెక్క, పరుపుల కుట్టుపని అన్నీ బాగా చేస్తారు. అక్కడి దలమాన్ విమానాశ్రయానికి చలికాలంలోనూ ఇస్తాంబుల్ నుంచి విమానాలుంటాయి. పెద్ద రిపేర్లు ఉన్న పాత పడవకి ఇదే మొదటి ఎంపిక. ఇక్కడ భూకంపం సంగతి మరవకూడదు. 2020 అక్టోబరు 30న సామోస్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు లేచిన సునామీ సిగాజిక్ రేవులో పడవల్ని తాళ్లతో సహా లాగేసింది. నేల మీద పెట్టేటట్టయితే నీటి అంచుకి దూరంగా, లోపలి వరస అడగండి.

ఫ్రాన్స్‌లో రోన్ నది ముఖద్వారం దగ్గర పోర్ నెపోలియన్ అందంగా ఉండదు. చదునైన నేల, దోమలు, చలికాలమంతా మిస్ట్రల్ అనే గాలి హోరు. కానీ ఆ పొడిగాలికి హల్‌లోని తడి ఆరినట్టు మరెక్కడా ఆరదు. నీళ్లు పీల్చుకుని ఆస్మోసిస్ బొబ్బలు వచ్చిన ఫైబర్ పడవకి చికిత్స చేయించాలంటే ఇలాంటి పొడి చోటే కావాలి. మార్సెయ్ విమానాశ్రయం ఏడాది పొడుగునా పనిచేస్తుంది.

సిసిలీ దక్షిణ తీరంలో లికాటా, మరీనా ది రగూజా నీళ్లలో చలికాలం గడపడానికి పేరున్నవి, కటానియాకి ఎప్పుడూ విమానాలుంటాయి. క్రొయేషియా ఖరీదైన తీరమే గానీ దక్షిణ జర్మనీ నుంచి కారులోనే సామాను వేసుకుని వెళ్లిపోవచ్చు, ఆ సౌకర్యం ముందు అద్దె చిన్నదైపోతుంది. వెలెబిట్ కొండల కిందున్న రేవులు మాత్రం తప్పించండి, చలికాలంలో బోరా అనే ఈశాన్యపు గాలి కొండ మీంచి దొర్లిపడినట్టు పడుతుంది. ట్యునీషియాలో మొనాస్తిర్ చవక, రెండు గడియారాలకీ బయటే. విడిభాగాలు తెప్పించుకుంటే కస్టమ్స్‌లో నానతాయి. రిపేరు లేని పడవకే అది.

ఎక్కడైనా ఒక సంగతి: పెద్ద మెరీనా, ఖరీదైన మెరీనా అంటే భద్రమైనది అనుకోకూడదు. 2018 అక్టోబరు 29న ఇటలీలోని రపాల్లో రేవులో అలల అడ్డుగోడే కూలిపోయి వందల యాట్లు ముక్కలయ్యాయి. మ్యాప్ తెరిచి రేవు నోటి నుంచి సముద్రం ఏ దిక్కున ఎంత దూరం ఖాళీగా ఉందో కొలవండి. చలికాలపు పెద్ద గాలి వచ్చే దిక్కున వందల కిలోమీటర్లు అడ్డం లేకుండా ఉంటే ఆ గోడని నమ్ముకుని పడవని వదలకండి.

యార్డుకి వెళ్లి వంగి చూడాల్సినవి

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారైనా వెళ్లండి, అదీ మార్చిలోనో నవంబరులోనో, పడవలు కిక్కిరిసి ఉన్నప్పుడు. ఆఫీసులోకి వెళ్లకుండా నేరుగా పడవల మధ్యకి నడిచి, వంగి కిందకి చూడండి.

బరువంతా కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) మోయాలి. దాని కింద అడ్డంగా పరిచిన దుంగలు నలిగిపోకుండా, పగుళ్లు లేకుండా ఉండాలి. పక్కల స్టాండ్లు పడవ పక్కకి ఒరగకుండా ఆపడానికే. 12 మీటర్ల పడవకి పక్కకి మూడేసి, గాలి ఎక్కువున్న చోట నాలుగేసి, ముందు భాగం కింద ఒకటి. ఎదురెదురు స్టాండ్లని పడవ కిందుగా గొలుసుతో కలిపి కట్టారా? ఆ గొలుసు లేకపోతే పడవ అదిరినప్పుడల్లా స్టాండు కాలు అరంగుళం బయటికి జరుగుతుంది. ఒక చలికాలంలో అది చాలు. మట్టి నేలైతే ప్రతి కాలి కిందా ప్లైవుడ్ ముక్క ఉండాలి. వాన పడ్డాక కాలు దిగబడి, ఆ ఒక్క స్టాండు వదులై, మిగతావాటి మీద భారం పడుతుంది. హల్ లోపల అడ్డుగోడ ఉన్న చోట ప్యాడ్ ఆనాలి. మధ్యలో ఆనితే హల్ లోపలికి సొట్టపడుతుంది. పడవ చుట్టూ వెల్డింగ్ చేసిన ఇనుప క్రేడిల్ ఇచ్చే యార్డు దొరికితే అదనపు డబ్బు వెనకాడకుండా ఇవ్వండి.

ఇక తల పైకెత్తి చూడండి. పక్క పడవల మీద ముందు తెరచాపలు చుట్టి అలాగే వదిలేశారా? అదే అన్నిటికంటే ప్రమాదం. చుట్టకి కట్టిన తాడు ఎండకి పెళుసై తెగుతుంది, గాలికి తెరచాప కొద్దిగా విచ్చుకుంటుంది, అక్కడినుంచి అది కొట్టుకుంటూ మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) ఊపుతూనే ఉంటుంది. స్టాండ్లు ఒక్కొక్కటే వదులై పడవ ఒరుగుతుంది, ఒరిగేది పక్కదాని మీదికే. మీ పడవ ఎంత బాగా పెట్టినా వరసలో నాలుగో పడవ తెరచాప మీ పడవని పడగొట్టగలదు. తెరచాపలు విప్పి దించకపోతే పడవని ఉంచనివ్వని యార్డులు ఉన్నాయి. అలాంటిదే కావాలి.

గాలికి టార్పాలిన్ ఊగితే దాని తాళ్లు స్టాండుని లాగేస్తాయి. ఆ తాళ్లు స్టాండ్లకి కట్టి ఉంటే ఆ యార్డులో ఎవరూ తిరిగి చూడరని అర్థం.

బీమా, బిల్లు

యార్డు ఖాయం చేసుకునేలోపే బీమా కంపెనీకి ఆ యార్డు పేరు, నేల మీదా నీళ్లలోనా, స్టాండ్లా క్రేడిలా అన్నది రాసి పంపి, సరేనన్న జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. పాలసీల్లో 'నవంబరు నుంచి మార్చి దాకా పడవ నీళ్లలో ఉండకూడదు', 'మాస్ట్ దించాలి' లాంటి షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. పాత పడవకి నీళ్లలోంచి తీసి చేసిన సర్వే రిపోర్టు అడుగుతారు. ఎటూ పైకి ఎత్తుతున్నారు కాబట్టి సర్వేయర్‌ని ఆ రోజుకే పిలవండి.

బిల్లులో పొడవు ఎలా కొలుస్తారో అడగండి. కాగితం మీద 11.9 మీటర్లున్న పడవకి ముందు లంగరు, వెనుక సోలార్ ఫ్రేము కలిపితే 12.6 అవుతుంది, 13 మీటర్ల వరసలో పడతారు. లిఫ్టు, ప్రెషర్ వాష్, స్టాండ్ల అద్దె, నిచ్చెన, కరెంటు, బయటి మెకానిక్‌ని తెచ్చుకుంటే రుసుము, పైన వ్యాట్, ఇవన్నీ ఒకే కాగితం మీద రాయించుకోండి. గ్రీస్‌లో 7 మీటర్లు దాటిన పడవలకి నెలనెలా ప్రయాణపు పన్ను కూడా ఉంది. స్టాండ్ల మీద ఉన్న పడవలో పడుకోనిస్తారా, సొంతంగా పెయింటు వేసుకోనిస్తారా అన్నవి ఇప్పుడే అడగండి.

దించే తేదీ కూడా ఒప్పందంలోనే రాయించండి. ఏప్రిల్ ఆఖరు, మే మొదటి రెండు వారాల్లో అందరూ ఒకేసారి దిగుతారు. గ్రీకు ఈస్టర్‌కి యార్డులు శుక్రవారం నుంచి సోమవారం దాకా మూసేస్తారు. 2027లో అది మే 2నే, ముందురోజు మేడే. మే 1కి టికెట్ కొంటే నిచ్చెన ఎక్కి కూర్చోవడమే. టర్కీలో బక్రీద్ సెలవులు, ఇటలీలో ఆగస్టు మధ్య వారం ఇలాగే చూసుకోవాలి.

వదిలి వచ్చే ముందు

లిఫ్టు పట్టీలు ఎక్కడ పడాలో హల్ మీద స్టిక్కర్లు అంటించండి. పట్టీ సెయిల్‌డ్రైవ్ కిందో వేగం కొలిచే లాగ్ సెన్సార్ మీదో పడితే అది విరుగుతుంది.

ఇంజిన్ ఆయిల్ ఇప్పుడే మార్చండి, తిరిగొచ్చాక కాదు. పాత ఆయిల్‌లోని ఆమ్లం 40 వారాలు బేరింగుల్ని తింటూ కూర్చుంటుంది. మంచినీళ్లు, తర్వాత యాంటీఫ్రీజ్ లాగించి, నీటి పంపు రబ్బరు ఇంపెల్లర్ బయటికి తీయండి. డీజిల్ ట్యాంకు నిండుగా నింపి బయోసైడ్ వేయండి. ఖాళీ జాగాలో చేరే చెమ్మలోనే డీజిల్ పురుగు (సూక్ష్మజీవులు) పెరుగుతుంది. సాధారణ బ్యాటరీలు 12.7 వోల్టుల దగ్గర నిండుగా ఉంచాలి, లిథియం అయితే సగం పైచిలుకు.

నేల మీదున్న పడవలు వాన నీళ్లకీ మునుగుతాయి. సహారా నుంచి ఎర్ర దుమ్ము మోసుకొచ్చే వాన పడితే కాక్‌పిట్ (చుక్కాని దగ్గర కూర్చునే తొట్టి) నుంచి నీళ్లు పోయే గొట్టాల్లో బురద పేరుకుంటుంది. కాక్‌పిట్ నిండుతుంది, నీళ్లు లాకర్లోంచి కేబిన్‌లోకి దిగుతాయి. అందుకే పడవని కొద్దిగా వెనక్కి వాలేలా నిలబెట్టమని లిఫ్టు డ్రైవర్‌కి ముందే చెప్పండి, నీళ్లు వెనుక గొట్టాల వైపే పోతాయి. గొట్టాలమీది జల్లెడలు తీసి శుభ్రం చేయండి. నెలకోసారి చూసి వెళ్లే మనిషిని పెట్టుకుంటే 'అంతా బాగుంది' అనే మెసేజ్ తీసుకోకండి. కాక్‌పిట్ గొట్టం, బిల్జ్ (పడవ లోపలి అడుగు), వోల్ట్ మీటర్, నాలుగు మూలల స్టాండ్లు, ఇవే ఫొటోలు ఇదే వరసలో పంపమనండి. రెండు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే జరిగిన స్టాండు మీకే కనిపిస్తుంది.

లాగ్ సెన్సార్ బిల్జ్‌లో అన్నిటికంటే కింద ఉంటే దాన్ని ఊడదీసి ఆ రంధ్రానికి సన్నని జాలీ కట్టండి, లోపల చేరిన నీళ్లు తమంతట తామే కారిపోతాయి. తీసిన సెన్సార్‌ని సొరుగులో పడేయకుండా, పెద్ద ఎర్ర అట్టముక్క మీద 'రంధ్రం తెరిచి ఉంది' అని ఇంగ్లిష్‌లోనూ ఆ ఊరి భాషలోనూ రాసి, రెండూ కలిపి స్టీరింగ్ చక్రానికి కట్టండి. మీరు రాకముందే పడవని దించేసే లిఫ్టు డ్రైవర్లు ప్రతి యార్డులోనూ ఉంటారు.